ఆరో తుపాకి

రాందాస్ చౌరస్తా దగ్గర మందుల షాపు పైగదిలో రాజమణి ఆఫీసు. సోమవారం పొద్దున ఆమె తాళంచెవి తీసుకుని మెట్లెక్కేసరికి తలుపు ముందు ఒకతను మోకాళ్లు ముడుచుకుని కూర్చుని ఉన్నాడు. ముప్పై అయిదేళ్లుంటాయి. పొడుగ్గా, ఎముకలు తేలి ఉన్నాడు. కుడి చెంప నిండా మసి. కింద రోడ్డు మీద ఏదో బండి టప్పుమంటే రెండు చేతులతో తల కప్పుకున్నాడు.

రాజమణి ఆ మసి వైపు ఒక్క క్షణం చూసింది. ఇరవై రెండేళ్లు జిల్లా పోలీసు ఆయుధాగారంలో తుపాకులు విప్పి, తుడిచి, బాగుచేసిన మనిషి ఆమె. నాలుగేళ్ల కింద ఆ ఉద్యోగం వదిలి సొంతంగా డిటెక్టివ్ ఆఫీసు పెట్టుకుంది. పొయ్యి మసికీ తుపాకి మసికీ తేడా ఆమెకు ఒకరు చెప్పనక్కర్లేదు.

"తుపాకి ఎవరు పేల్చిండ్రు, నువ్వేనా?" అని అడిగింది.

అతను తలూపాడు. 

రాజమణి అతన్ని లోపల కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చింది. అప్పటికే చంద్రకాంత్ వచ్చాడు. ఒకప్పుడు ఊళ్లో పేరున్న ఫొటో స్టూడియో అతనిది. సెల్‌ఫోన్లు వచ్చి స్టూడియో మూతపడ్డాక రాజమణి దగ్గర అసిస్టెంటుగా చేరాడు. పాతికేళ్లు కెమెరాలోంచి లోకాన్ని చూసినా తనకు కనిపించనివి మేడంకు ఎలా కనిపిస్తాయో అతనికి ఇప్పటికీ ఆశ్చర్యమే. గోడకు ఆనుకుని నోట్‌బుక్ తెరిచాడు.

"నా పేరు ఎల్లం, మేడం. నా చెయ్యితోని ఎవరో మనిషిని సంపబోయిండ్రు. ఎవరో నాకెర్క లేదు. అందరు నేనే అంటుండ్రు."

మెల్లగా, ముందువెనకలుగా అతను చెప్పిన సంగతి ఇది.

వచ్చే ఆదివారం మెదక్ ఖిల్లా మీద ఒక వేడుక ఉంది. పాతకాలపు సిపాయిల వేషాలతో ఒక ప్రదర్శన. కమిటీ పెద్ద కరుణాకర్‌కు రైసుమిల్లుంది, కౌడిపల్లిలో పొలముంది. కోటను ఏలే కిల్లేదారు వేషం ఆయనదే. అయిదుగురు సిపాయిల్లో ఎల్లం ఒకడు. సిపాయిల కోసం చెకుముకి తుపాకులు తెప్పించారు. పాత నమూనాలో కొత్తగా చేసినవి. మీట నొక్కితే గుర్రం అనే ఇనుప కొక్కెం ముందుకు పడి, దాని నోట్లోని చెకుముకి రాయి ఉక్కును గీసి నిప్పురవ్వలు రాలుస్తుంది. పక్కనున్న చిన్న గిన్నెలో చిటికెడు తుపాకిమందు భగ్గుమని పొగ లేస్తుంది. అంతే. ఆ గిన్నె నుంచి గొట్టంలోకి బెజ్జం ఉండదు కాబట్టి తుపాకి పేలదు.

నిన్న ఆదివారం పొద్దున పది గంటలకు ఖిల్లా మీద రిహార్సల్. కథలో చివరికి సిపాయిలే ఎదురుతిరిగి కిల్లేదారును కాల్చేస్తారు. చెక్కతో చేయించిన కోటతలుపు ముందు కరుణాకర్ నిలబడ్డాడు. ఇరవై అడుగుల దూరంలో సిపాయిల వరస. సరిగ్గా అప్పుడే ఎల్లం తుపాకిలో రాయిని పట్టి ఉంచే మర విరిగింది. నాటకం నడిపించే దేవిక టీచరు పెట్టెలోంచి అదనంగా ఉన్న తుపాకి తీసి ఇచ్చింది.

"భూలక్ష్మమ్మ కేక ఇనబడ్డది, పటేలు అటు జూసిండు, నా చేతిల తుపాకి పేలింది. పటేలు పాగ ఎగిరి పడ్డది. భుజం ఊడిపోయినట్టయింది మేడం నాకు."

పటేలంటే కరుణాకర్. భూలక్ష్మి ఆయన భార్య. సీసపు గుండు పాగాను చీల్చుకుని వెనకాల చెక్కతలుపులో దిగబడింది.

"నీ మీద అనుమానం ఎందుకు?"

ఎల్లం ఆ కథా చెప్పాడు. అతని తల్లి కిష్టవ్వ కరుణాకర్ మక్కజొన్న చేనుకు కావలి ఉండేది. నెల కింద అడవిపంది మీదపడి తొడ చీల్చింది. దవాఖానాలో పదిరోజులుండి వచ్చింది. ఇంకా మంచం దిగలేదు. ఆ కోపంలో ఎల్లం మిల్లు గేటు ముందు నిలబడి, మా అమ్మకు ఏమన్న అయితే నిన్నిడువను పటేలా అని అరిచాడు. పదిమంది విన్నారు. ఇప్పుడా మాట అతని మెడకు చుట్టుకుంది. ఎవరు చేయించారో కాగితం మీద రాసి ఇవ్వాలని, లేకపోతే ఈ సాయంత్రమే పోలీసులకు అప్పజెప్తానని కరుణాకర్ గడువు పెట్టాడు. ఎల్లం నిన్నటి నుంచి ఇంటికి పోలేదు. తల్లికి ఏ ముఖంతో చెప్పాలో తెలియక బస్టాండులో కూర్చున్నాడట.

"గా తుపాకి పట్టుకుంటె ఎట్లనిపించింది?" అని అడిగింది రాజమణి.

"బరువున్నది. పొట్టిగున్నది. చెంపకు కుదరనే లేదు. పాగ మీదికెల్లి పోవాలని పైకే పట్టిన మేడం, మొన కిందికి జారింది."

రాజమణి లేచి చెప్పులు తొడుక్కుంది.

* * *

ఖిల్లా మెట్లెక్కేటప్పటికి ఎండ ముదిరింది. పైన దేవిక ఒక్కతే వేషాల బట్టలు మూటగడుతూ ఉంది. బడికి సెలవు పెట్టిందట. వెనక అడుగుల చప్పుడుకు ఉలిక్కిపడి చేతిలోది జారవిడిచింది. ఎల్లంను చూసి ఇంకో రెండడుగులు వెనక్కి వేసింది.

చంద్రకాంత్ చెక్కతలుపును నాలుగు వైపులా ఫొటోలు తీశాక రాజమణి చాకుతో గుండును తవ్వి తీసింది. రేగుపండంత ఉంది. దాని వెనకే కాలి అంచులు నల్లబడిన బట్టపేలిక. పాత మెత్తటి నూలు బట్ట, కత్తెరతో గుండ్రంగా కత్తిరించి నూనె రాసినట్టుంది.

దేవిక అడిగినదానికి జవాబు చెప్తూనే మధ్యమధ్య మెట్ల వైపు చూస్తోంది. ఆరు తుపాకుల్లో ఒకటి మిగతావాటి కంటే మూడు వేళ్లు పొట్టి. వరసలో నిలబెడితే ఎత్తుపల్లంగా కనిపిస్తుందని రిహార్సల్స్ మొదలైనప్పటి నుంచీ దాన్ని ఆమె పెట్టెలోనే ఉంచింది. నిన్న ఎల్లం తుపాకి మర విరగకపోతే అది బయటికి వచ్చేదే కాదు.

"ఇచ్చింది నేనే గద మేడం," అంది సన్నటి గొంతుతో. "పటేలుకు నాకు స్క్రిప్టు మీద లొల్లి అయింది. రేపు నా పేరు గూడ వస్తది. రాత్రి కంటి మీద కునుకు లేదు."

విరిగిన మర ఇంకా అక్కడే ఒక డబ్బాలో ఉంది. రాజమణి దాన్ని వెలుగుకు పట్టి చూసింది. విరిగినచోట లోపలంతా తుప్పు. తర్వాత దేవిక ఫోన్ అడిగి తీసుకుంది. రిహార్సల్లో ఫోన్ బ్యాగులో పడేస్తానని, ఎవరు చేసినా తీయనని దేవిక చెప్పింది. నిన్న పొద్దున వచ్చిన కాల్స్ చూసి రాజమణి ఫోన్ తిరిగిచ్చింది.

మెట్లు దిగుతుండగా చంద్రకాంత్ ఆగలేకపోయాడు. మర విరగ్గొట్టి, ఆ తుపాకి ఇచ్చి, ఎల్లం మీదికి తోసింది టీచరేనా అని అడిగాడు.

"మర పాతపగులు. మందు నింపినోళ్లకు అది నిన్న పది గంటలకే విరుగుతదని ఎట్ల తెలుస్తది?" అంది రాజమణి.

* * *

కరుణాకర్ ఇంట్లో పట్టపగలే కిటికీలన్నీ మూసి ఉన్నాయి. తలుపు తీసే ముందు లోపలి నుంచి రెండుసార్లు పేరడిగారు. ఆరడుగుల మనిషి, హాల్లో గోడకు వీపు ఆనించి కూర్చుని ఉన్నాడు. ఎల్లంను వాకిట్లోనే ఉండమన్నాడు. రాజమణి ఒకప్పుడు ఆయుధాగారంలో పనిచేసిందని తెలిసి ఆమెను మాత్రం రానిచ్చాడు. నిన్నటి నుంచి బయట చుక్క నీళ్లు కూడా ముట్టలేదని, భార్య తన చేత్తో వండిపెట్టిందే తింటున్నానని చెప్పాడు.

"ఎల్లంగానికి అంత తెలివి లేదు. వాని ఎన్క ఎవరో ఉన్నరు. గా మనిషి దొరికేదాక నేను గడప దాట," అన్నాడు. 

ఆయన అన్న కొడుకు అభిలాష్ మేనేజరుగా మిల్లు చూస్తాడు. తుపాకులకు ఆర్డరిచ్చిందీ, నిన్న వాటిని ఈ ఇంటి నుంచి వ్యానులో ఖిల్లాకు చేర్చిందీ, రిహార్సల్ వీడియో తీసిందీ అతనే. పిల్లల్లేని చిన్నాయన ఆస్తికి రేపటి వారసుడు కూడా తనేనని, ఊళ్లో అప్పుడే గుసగుసలు మొదలయ్యాయని అతనికి తెలుసు. అడగకముందే అన్నీ చెప్పాడు. తుపాకులు కొనడానికి చిన్నాయన, చిన్నమ్మ, తను ముగ్గురూ వెళ్లారు. చేసేవాడు రెండు రకాలు చూపించాడు. ఆటకు వాడేవి తేలిక, గొట్టం పలచన. వేటకు వాడేవాటికి గొట్టం దళసరి, పైగా మనిషి భుజానికీ చేతి పొడుగుకూ కొలిచినట్టు కుదరాలి. అలాంటివాటికి లైసెన్సు కావాలి. అందుకని బెజ్జం లేనివే ఆరు తీసుకున్నారు.

"చిన్నాయన పొడుగు జూసిండు, నేను మెరుపు జూసిన, చిన్నమ్మ బరువు జూసింది," అన్నాడు అభిలాష్. "గా ఆరోదాని గొట్టం జర దళసరిగుండె. గోడకు పెట్టుకునేదని చవుకగ ఇచ్చిండు. బెజ్జం దానికి గూడ లేకుండె, నా కండ్లతోని జూసిన."

బీరువాలో పెట్టి తాళం వేసిన ఆరో తుపాకి తెప్పించారు. రాజమణి దాన్ని ఒళ్లో పెట్టుకుని చాలాసేపు చూసింది. గిన్నె పక్కన సన్నటి బెజ్జం. దాని అంచులు ఇంకా తళతళలాడుతున్నాయి. భుజానికి ఆనించే కట్టెను కోసి పొట్టి చేశారు. కోసినచోట వార్నిషు కొత్తది. గిన్నెలో నిన్నటి మసి. ఆ మసి కింద మూలన, తడిసి ముద్దయి గట్టిపడిన పాతమందు కాస్త. గుర్రం సందులో ఇరుక్కున్న ఎర్రటి పీచును ఆమె సూదితో లాగి కాగితం మీద పెట్టింది. మక్కకంకి పీచు.

ఆ సమయంలోనే భూలక్ష్మి చాయ్ తెచ్చింది. అయిదడుగులు కూడా లేని మనిషి. ఒక పాదానికి గుడ్డ కట్టుకుని కుంటుతూ నడుస్తోంది. ట్రేలో గ్లాసులు టకటకలాడుతున్నాయి. చాయ్ అందరికీ ఇచ్చి వెళ్లబోతూ తలుపు దగ్గర ఆగింది.

"ఎల్లంను ఏం జేస్తరు మేడం?" అని అడిగింది.

నీకెందుకు అవన్నీ, లోపలికి పో అన్నాడు కరుణాకర్. ఆమె వెళ్లిపోయింది.

చంద్రకాంత్ అలవాటుకొద్దీ గోడమీది ఫొటోలు చూస్తున్నాడు. అందులో ఒక పాతది అతన్ని ఆపింది. పొలంగట్టు మీద తలపాగా చుట్టుకున్న ఒకాయన పొడుగాటి తుపాకితో నిలబడి ఉన్నాడు. పక్కన పదేళ్ల ఆడపిల్ల, చేతిలో తుపాకిమందు పోసుకునే కొమ్ము. ఆయన రేగోడ్‌లో ఉండే మా మామ, లైసెన్సు తుపాకి ఉండేది, ఆయన పోయి పన్నెండేళ్లయింది అని కరుణాకర్ చెప్పాడు.

చివరికి రాజమణి వీడియో అడిగింది. అభిలాష్ ఫోన్ చేతిలో పెట్టాడు. ఆమె మొదటిసారి చూసింది. రెండోసారి, మూడోసారి కళ్లు మూసుకుని వింది. ఫోన్ తిరిగిస్తూ, నాలుగు గంటలకు దేవికను కూడా పిలిపించండి, అందరి ముందూ చెప్తాను అంది.

* * *

నాలుగింటికి హాల్లో అందరూ చేరారు. ఎవరూ ఎవరి పక్కనా కూర్చోలేదు. అభిలాష్ తలుపు దగ్గర, దేవిక కిటికీ కింద, కరుణాకర్ గోడకు ఆనుకుని. ఎల్లం గడప లోపల నేలమీద. భూలక్ష్మి వంటింటి గుమ్మంలో నిలబడింది. ఆరో తుపాకి బల్ల మీద ఉంది. దాని మొన ఎటు తిరిగి ఉందో అందరూ చూసుకుంటున్నారు.

"మొదటి మాట," అంది రాజమణి. "కరుణాకర్ గారూ, మిమ్మల్ని సంపాలని ఎవరూ అనుకోలేదు."

కరుణాకర్ పాగాలోని రంధ్రం చూపించాడు.

"అది నిజమే. గుండు మాత్రం మీ కోసం నింపింది కాదు. ఎల్లం తుపాకి మర పాత పగులుతోని విరిగింది. విరిగిన అయిదు నిమిషాలకు ఈ తుపాకి అతని చేతికొచ్చింది. ఇది వస్తదని అతనికి గాని, టీచరుకు గాని, ఇంకెవరికి గాని ముందు తెలిసే దారి లేదు. పెట్టెల మూలకు పడి ఉండే తుపాకిల మందు నింపి, ఎవరన్న మనిషిని సంపాలని చూస్తరా?"

దేవిక గట్టిగా ఊపిరి వదిలింది. ఎల్లం తలెత్తాడు.

మరి నింపిందెందుకు అని అభిలాష్ అడిగాడు. రాజమణి మక్కపీచు ఉన్న కాగితం బల్ల మీద పరిచింది. ఈ తుపాకి మక్కచేనులోకి వెళ్లివచ్చింది. గుండుకు నూనె రాసిన బట్ట చుట్టి, గజమనే పొడుగాటి చువ్వతో జాగ్రత్తగా దట్టించారు. అది పందికి పెట్టే గుండు. నిన్న తెల్లవారుజామున తుంపర పడింది. గురి చూసి మీట నొక్కితే నిప్పురవ్వలు రాలాయి గాని, గిన్నెలోని మందు తడిసి ముద్దయి అంటుకోలేదు. పంది పోయింది. గొట్టంలో మందూ గుండూ అలాగే మిగిలాయి.

"ఇసొంటి తుపాకిల దట్టించిన గుండును తియ్యాలంటె పేల్చాలె, లేకపోతె గొట్టంలకు మర దింపి పీకాలె. ఇంట్ల అందరు లేసే ఏళకు రెండూ కావు. అందుకని దాన్ని ఎప్పటిలెక్కనే పెట్టెల పెట్టిండ్రు. తీరిగ్గా తీసుకుందాం, ఎట్లాగు ఇది ఎవరూ ముట్టరు గద అనుకున్నరు. ఖిల్లా మీద టీచరు గిన్నెల ఎండుమందు పోయించింది. నిన్న తెల్లారి పేలనిది పది గంటలకు పేలింది."

కరుణాకర్ ముఖంలో భయం పోయి మరొకటేదో వస్తోంది. ఎవరు అని అడిగాడు.

రాజమణి తుపాకి తీసుకుని ఎల్లంను లేవమంది. భుజానికి పెట్టించింది. పొట్టి కట్టె అతని పొడుగు చేతుల్లో ఇమడలేదు. మొన దానంతటదే కిందికి వాలింది. ఎల్లం దాన్ని పాములా పట్టుకుని వెంటనే బల్ల మీద పెట్టేశాడు.

"నిన్న గుండు కిందికి దిగింది అందుకే. మీరు ఆరడుగులు. అభిలాష్ మీకన్న పొడుగు. టీచరుకు గూడ ఇది పొట్టే. ఆటకు తుపాకి ఏరేటోళ్లు చూపు చూస్తరు. వేటకు ఏరేటోళ్లు భుజం చూస్తరు. ఎవరో ఈ కట్టెను తమ చేతికి కొలిచి కోయించుకున్నరు. ఇక వీడియో ఒకసారి ఇనుండ్రి. చూడకుండ్రి, ఇనుండ్రి."

అభిలాష్ ఫోన్ బల్ల మీద పెట్టాడు. గాలి చప్పుడు. దేవిక గొంతు. సిపాయిల అడుగులు. తర్వాత దూరం నుంచి ఒక ఆడమనిషి కేక. ఆగుండ్రి, ఆగుండ్రి అని. ఆ తర్వాత పేలుడు.

చంద్రకాంత్ చేతిలో పెన్ను ఆగిపోయింది. పొద్దున ఎల్లం చెప్పింది అతను తన చేత్తోనే రాసుకున్నాడు. కేక, తల తిప్పడం, పేలుడు. అదే వరస. రాసుకున్నాడే గాని వినలేదు.

"పేలినంక అరిసిందనే అందరు అనుకున్నరు. పేలకముందే అరిసింది," అంది రాజమణి. "తొమ్మిదిన్నర నుంచి టీచరుకు ఏడుసార్లు ఫోన్ జేసింది. ఆమె తియ్యలే. ఆటో పట్టుకుని ఖిల్లాకు వచ్చి, చెప్పులు ఎక్కడ పోయినయో చూసుకోకుండ మెట్లెక్కింది. ఆ అరుపుకు మీరు తల తిప్పిండ్రు కాబట్టి గుండు పాగను పట్టుకుపోయింది. కరుణాకర్ గారూ, మీ మీదికి పోయిన తుపాకి ఆమెదే. మిమ్మల్ని బతికించిన కేక గూడ ఆమెదే."

అందరూ వంటింటి గుమ్మం వైపు తిరిగారు.

భూలక్ష్మి గుమ్మం వదిలి రెండడుగులు ముందుకు వచ్చింది. నిన్నటి నుంచి మోస్తున్నదేదో దించినట్టు ఆమె భుజాలు వాలాయి. ఆ ఫొటోలోని పిల్ల తనేనని, చిన్నప్పుడు తండ్రి వెంట చేనుకు పోయేదాన్నని, మందుకొమ్ము పట్టుకోవడం నుంచి గురి చూడటం దాకా అన్నీ ఆయనే నేర్పాడని చెప్పింది. ఈ తుపాకి గొట్టం చూడగానే ఇది పనికొచ్చేదని తెలుసుకుంది. కాని అప్పుడు ఏ ఉద్దేశమూ లేదు. కిష్టవ్వను పంది చీల్చిన రోజు చేనులో ఆమెను ఒళ్లో పెట్టుకుని వాహనం కోసం గంటసేపు కూర్చుంది. ఆ తర్వాత రేగోడ్‌లో తెలిసిన కమ్మరి దగ్గర బెజ్జం వేయించింది, కట్టె కోయించింది. నాలుగు తెల్లవారుజాములు చేనుకు పోతున్నానని చెప్పి వెళ్లి కూర్చుంది. నాలుగోనాడు పంది ఎదురుగా వచ్చింది. తుపాకి పేలలేదు.

"ఇంటికొచ్చేసరికి మీరు వాకిట్ల పండ్లు తోముకుంటున్నరు. పెట్టెల పడేసిన. స్నానం జేసి వచ్చేసరికి వ్యాను పోయింది. మీకు చెప్పనీకె భయమై టీచరుకే ఫోన్ జేసిన," అంది భర్తతో.

నిన్నటి నుంచి కరుణాకర్ నమ్మి తిన్నది ఈమె చేతి అన్నమే. ఆయన తలుపు మూయమని అభిలాష్‌కు సైగ చేశాడు. గొంతు తగ్గించి, జరిగిందేదో ఈ నాలుగు గోడల మధ్యే ఉండిపోవాలన్నాడు. ఎల్లం మీద ఏ ఫిర్యాదూ ఇవ్వడు. తుపాకి ముక్కలు చేసి పారేస్తాడు. ఎవరికీ ఏమీ కాలేదు కదా.

"లైసెన్సు లేని తుపాకి అది. నేను చూసి గూడ చూడనట్టు పోలేను," అంది రాజమణి.

"వద్దు మేడం, మీరు చెప్పనవసరం లేదు," అంది భూలక్ష్మి. "నేనే పోత. తుపాకి తప్పు ఒక్కటే అయితె గిట్ల అనకపోదును. నిన్న వీళ్లు కాయిదం రాయమన్నప్పుడు ఎల్లం నా దిక్కు జూసిండు. అన్నీ తెలిసి నేను వంటింట్లకు పోయిన. గా తప్పు ఏ గోడల మధ్యన దాచుకోను?"

ఎల్లంకు కోపం రావలసిన చోట ఇంకా భయమే ఉంది. మా అమ్మకు ముందు జెప్పుండ్రి, ఆమెకు ఇంక ఏం తెల్వదు అన్నాడు.

* * *

కిష్టవ్వ ఇల్లు ఊరి చివర రేకుల గది. కరుణాకర్ కారు సందులోకి పట్టలేదు. అందరూ దిగి నడిచారు. కరుణాకర్ గడప బయటే నిలబడిపోయాడు. భూలక్ష్మి లోపలికి వెళ్లి మంచం కోడు పక్కన నేలమీద కూర్చుని, ఒక్క మాట దాచకుండా మొదటినుంచీ చెప్పింది.

ముసలామె కళ్లార్పకుండా వింది. మధ్యలో ఒకసారి చేయి చాపి కొడుకు చెయ్యి పట్టుకుంది. అంతా అయ్యాక కూడా వదల్లేదు.

"నా కోసమని పందిని కొట్టబోయినవ్. నా కొడుకు పీక మీదికి దెచ్చినవ్," అంది.

భూలక్ష్మి తల దించుకుంది.

"గా పంది ఇంక ఉన్నదా?"

"ఉన్నది అవ్వా. చేన్లనే ఉన్నది."

"నా తరువాత కావలికి ఎవలను పెట్టిండ్రు?"

జవాబు బయటి నుంచి వచ్చింది. కౌడిపల్లి నుంచే ఒకామెను పెట్టామని కరుణాకర్ చెప్పాడు. కిష్టవ్వ గడప వైపు చూసి, ఆయన ఎవరో గుర్తుపట్టి, కొంగు సర్దుకుంది.

"అయితె పటేలా, టేషన్ల తుపాకి సంగతి ఒక్కటే జెప్పి రాకుండ్రి. పంది సంగతి గూడ జెప్పుండ్రి. సర్కారోళ్లు కొట్టేటోళ్లను పంపుతరట గద. నెల కిందనే అడిగి ఉంటే ఈమె తుపాకి పట్టకపోవు."

కరుణాకర్ చెప్పులు విడిచి లోపలికి వచ్చాడు. రేపు పొద్దునే ఫారెస్టు ఆఫీసులో దరఖాస్తు ఇస్తానని, ఆ కావలి మనిషిని ఈ సాయంత్రమే చేను నుంచి పిలిపిస్తానని చెప్పాడు. అక్కడే నిలబడి ఫోన్ చేశాడు. అటువైపు ఎత్తిన మనిషితో, చీకటిపడకముందే ఇంటికి పొమ్మను, మళ్లీ చెప్పేదాక చేనుకు రావద్దను అన్నాడు.

కారులో వెనక సీట్లో ఎల్లం, భూలక్ష్మి, వాళ్ల మధ్య చంద్రకాంత్, అతని ఒళ్లో గోనెసంచిలో చుట్టిన తుపాకి. కరుణాకర్ నడుపుతుంటే రాజమణి ముందు కూర్చుంది. పోలీస్ స్టేషన్ ముందు కారు ఆగేసరికి ఎల్లం తల కిటికీ అద్దానికి ఆనించి, నోరు తెరుచుకుని, గాఢంగా నిద్రపోతున్నాడు. అతనితో కూడా వాంగ్మూలం ఇప్పించాలి. లేపడానికి చంద్రకాంత్ చెయ్యి చాపాడు.

"ఉండనియ్యి," అంది భూలక్ష్మి. "ముందు నాదే గద రాసుకునేది."

తుపాకి సంచి రాజమణి తీసుకుంది. భూలక్ష్మి కారు దిగి, కుంటుకుంటూ ఆమె పక్కన మెట్లెక్కింది.